చిల్లర నాణేలతో లేచిన గోపురం: డెట్రాయిట్ బెల్ ఐల్ కథ

గోపురం అనగానే మనకు దేవాలయం గుర్తుకు వస్తుంది. మారిషస్‌లో పుట్టి పెరిగిన మనకు ఇంకొక ఎత్తైన కట్టడం కూడా గుర్తుకు వస్తుంది. అది చెరకు మిల్లు చిమ్నీ. మొదటిది మన పూర్వీకులు భక్తితో కట్టుకొన్నది. రెండవది వారి చెమటతో ఇంకొకరు కట్టించుకొన్నది. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది మూడవ రకపు గోపురం. దానిని రాజు కట్టలేదు, మిల్లు యజమాని కట్టలేదు, దేవస్థానం కట్టలేదు. ఒక వార్తాపత్రికను చదివే సామాన్య జనం చిల్లర నాణేలు పంపి కట్టించినారు. అది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి చెందిన బెల్ ఐల్ అనే దీవిలో ఉన్నది.

డెట్రాయిట్‌కు వాయవ్యంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో నోవై అనే పట్టణం ఉన్నది. నేడు అది తెలుగువారికి బాగా తెలిసిన ఊరు. టాఫ్ట్ రోడ్డు మీద వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అనగా తానా, తన 24వ మహాసభలను 2025 జూలైలో ఆ ఊరిలోనే జరిపినది. నా మేనకోడలు కుటుంబం అక్కడ ఉండుట వలన ఆ ప్రాంతం చూసే అవకాశం నాకు కలిగినది. సెలవు దినాలలో అక్కడి తెలుగు కుటుంబాలు పులిహోర, పెరుగన్నం కట్టుకొని బెల్ ఐల్‌కు వెళ్ళుతాయి. పిల్లలు చేపలను, గాజు మేడలోని మొక్కలను చూస్తారు. పెద్దలు నదీ తీరాన నడుస్తారు. ఆ దీవి కథ మాత్రం చాలమందికి తెలియదు.

ముందుగా నోవై పేరు గురించి ఒక మాట. సుంకం వసూలు చేసే ఆరవ గేటు అక్కడ ఉండేదని, ఆ గేటు మీద రోమను అంకెలలో వ్రాసిన ఆరవ సంఖ్యయే ఊరి పేరుగా మారినదని అక్కడివారు చెప్పుతారు. వినుటకు బాగున్నది. కాని ఆ పేరు 1832 నుండే ఉన్నది. సుంకపు రోడ్లు దాని తరువాత వచ్చినవి. ఊరి పేరు మీద కథ పుట్టుట ఎక్కడైనా సహజమే. మన పూర్వీకులను ఈ దేశంలో కోరంగివారు అని పిలిచినారు. వారందరూ కోరంగి గ్రామస్థులు కారు. కోరంగి వారు ఓడ ఎక్కిన రేవు. పేరు చెప్పేది కొంత, దాచేది కొంత అని చరిత్ర చదివేవారు గుర్తుంచుకోవలెను.

బెల్ ఐల్‌కు కూడా పేర్లు చాలా ఉన్నవి. అక్కడి ఆదివాసులైన అనిషినాబే జనం దానిని వానబెజీ అన్నారు. అంటే హంసల దీవి. ఈ మాట విన్నప్పుడు నాకు కృష్ణా జిల్లాలో నది సముద్రంలో కలిసే చోట ఉన్న హంసలదీవి గుర్తుకు వచ్చినది. తరువాత ఫ్రెంచివారు వచ్చినారు. 1701లో కాడిలాక్ అనే అధికారి డెట్రాయిట్ కోటను స్థాపించినాడు. అక్కడి ఫ్రెంచి రైతులు తమ పందులను ఆ దీవిలో వదిలి మేపుకొనేవారు. చుట్టూ నీరు ఉండుట వలన తోడేళ్ళ భయం లేదు, కంచె ఖర్చు లేదు. అందుచేత దానికి ఇల్ ఓ కోషోన్ అని పేరు పడినది. మన క్రియోల్ తెలిసినవారికి దీని అర్థం చెప్పనక్కరలేదు. 1845లో పందుల దీవి అనే పేరు మర్యాదగా లేదని తోచి బెల్ ఐల్ అని మార్చినారు. మిషిగన్ ప్రాంతానికి పూర్వం గవర్నరుగా ఉన్న లూయిస్ కాస్ కుమార్తె ఇసబెల్లా పేరు అందులో కలిసివచ్చినది. అందమైన దీవి అనే అర్థమూ నిలిచినది.

ఫ్రెంచివారి కాలంలో ఆ దీవి ఎవరి సొంతమూ కాదు. అది ఊరి ఉమ్మడి మేత భూమి. 1760లో డెట్రాయిట్ ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. మన దీవి 1810లో వచ్చినట్లే. తరువాత జార్జి మెక్‌డూగల్ అనే ఇంగ్లీషు సైన్యపు అధికారి ఆ దీవిని తనకు ఇమ్మని రాజును అడిగి అనుమతి పొందినాడు. 1769లో ఆదివాసి పెద్దల నుండి దానిని కొన్నట్లు పత్రం వ్రాయించుకొన్నాడు. ఇచ్చిన వెల ఏమిటి? కొన్ని పీపాల రమ్ము, కొంత పొగాకు, కొంత ఎర్రరంగు, ఒక పూసల పట్టీ. ఫ్రెంచి రైతులు ఇది మా ఉమ్మడి భూమి అని అభ్యంతరం చెప్పినారు. అది ఫలించలేదు. ఉమ్మడి భూమి ఒక మనిషి సొత్తు అయినది.

ఆ పీపాలలోని రమ్ము దగ్గర మనం కొంచెం ఆగవలెను. రమ్ము చెరకు మడ్డి నుండి వస్తుంది. ఆ కాలంలో ఆ చెరకును కరీబియన్ దీవుల తోటలలో ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన బానిసలు పండించేవారు. చెరకు పెరగని, చలికాలంలో నది గడ్డకట్టే ఆ ఉత్తర దేశంలో కూడా ఒక దీవి చేతులు మారుటకు చెరకు తోట కావలసివచ్చినది. బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో వచ్చినది. ఆ తోటలకు కొత్త చేతులు కావలసి, 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కంత్రాటు కూలీలతో పోర్ట్ లూయీ చేరినది. ఆ తరువాత సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ దారిన వచ్చినారు. వారిలో మనవారూ ఉన్నారు. కనుక బెల్ ఐల్ కథ మనకు పరాయి కథ అని నేను అనుకొనను. ఒకే చెరకు గడ నుండి చీలిన రెండు పీచుల వంటివి ఈ రెండు కథలు.

ఉమ్మడి భూమి మళ్ళీ ఉమ్మడి భూమి అగుటకు నూరేళ్ళకు పైగా పట్టినది. 1879లో డెట్రాయిట్ నగరం ఆ దీవిని 2,00,000 డాలర్లకు కొన్నది. న్యూయార్కు సెంట్రల్ పార్కును రూపొందించినవారిలో ఒకరైన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్‌ను పిలిచి పార్కుకు నమూనా వేయించినారు. దీవి పల్లంగా, తడిగా ఉండేది. ఆయన కాలువలు తవ్వి నీటిని నడిపించవలెనని, అడవిని అడవిగానే ఉంచవలెనని కోరినాడు. ఆయన చెప్పినదంతా జరగలేదు గాని ఆ రెండు మాటలు మాత్రం నేటికీ కనిపిస్తున్నవి. 1889లో మొదటి వంతెన వేసినారు. 1915లో అది కాలిపోయినది. ఇప్పుడున్న వంతెన 1923 నాటిది. 1904లో చేపల ప్రదర్శనశాల, మొక్కల గాజు మేడ తెరిచినారు. ఆ రెండింటిలోనూ ఆల్బర్ట్ కాన్ అనే శిల్పి చేయి ఉన్నది. డెట్రాయిట్ మోటారు కార్ల కార్ఖానాలకు రూపం ఇచ్చినవాడు కూడా ఆయనే.

దీవి విస్తీర్ణం 982 ఎకరాలు. అందులో సుమారు 200 ఎకరాలు అడవి. నేల బంకమట్టి గనుక వాననీరు ఇంకదు. వసంతకాలంలో చెట్ల మొదళ్ళ చుట్టూ నీరు నిలుస్తుంది, వేసవిలో ఎండిపోతుంది. ఈ రెండింటినీ ఓర్చుకొనే ఓక్, యాష్ జాతుల చెట్లు అక్కడ ఉన్నవి. అటువంటి తడి అడవి మిషిగన్‌లో ఇప్పుడు చాలా అరుదు. ఒకప్పుడు బయటినుండి తెచ్చిన యూరపు జింకలు అక్కడ మితిమీరి పెరిగి లేత మొక్కలను మేసివేసినవి. 2004లో వాటిని పట్టి ఒక ఆవరణలోనికి మార్చినారు. 2002లో డెట్రాయిట్ ప్రాంతంలోనే ఆసియా నుండి వచ్చిన ఒక పచ్చని పెంకుపురుగు బయటపడినది. అది అమెరికాలో కోట్ల కొలది యాష్ చెట్లను చంపినది. ఈ దీవి చెట్లకూ ముప్పు తెచ్చినది.

ఈ సంగతులు మనకు కొత్త కావు. డచ్చివారు 1639లో జావా నుండి జింకలను మన దీవికి తెచ్చినారు. వారి ఓడలలో వచ్చిన పందులు, కోతులు, ఎలుకలు డోడో పక్షి గుడ్లను తినివేసినవి. దీవి చిన్నదైతే బయటినుండి వచ్చిన దెబ్బ పెద్దదిగా తగులుతుంది. బెల్ ఐల్‌లో పోయినదంతా తిరిగి రాకపోయినా కొంత బాగుచేస్తున్నారు. 2004లో నది అడుగున రాళ్ళు పరిచి చేపలు గుడ్లు పెట్టుటకు చోటు చేసినారు. 2013లో బ్లూ హెరాన్ అనే మడుగుకు, నదికి మధ్య దారి తెరిచినారు. చిన్న చేపలు అందులో పెరిగి నదిలోనికి పోతాయి. కొంగలు ఆ ఒడ్డున నిలుస్తాయి.

ఇక గోపురాల సంగతి. ఆ దీవిలో ఎత్తైన పాత కట్టడాలు రెండు ఉన్నవి. ఒకటి తూర్పు కొనలో ఉన్న దీపస్తంభం. దానిని 1930లో పాలరాతితో కట్టినారు. అమెరికాలో పాలరాతి దీపస్తంభం అది ఒక్కటే. ఓడల యజమానుల సంఘానికి చాలకాలం అధ్యక్షుడుగా ఉన్న విలియం లివింగ్‌స్టన్ పేరు మీద దానిని నిలిపినారు. అది పెద్దవారు పెద్దవారికి కట్టిన స్మారకం.

రెండవది గంటల గోపురం. డెట్రాయిట్ న్యూస్ అనే పత్రికలో 1919 నుండి నాన్సీ బ్రౌన్ అనే పేరుతో ఒక శీర్షిక వచ్చేది. పాఠకులు తమ కష్టసుఖాలను మారుపేర్లతో ఆమెకు వ్రాసేవారు. ఆమె జవాబు చెప్పేది. ఒకరి ఉత్తరానికి ఇంకొకరు కూడా జవాబు వ్రాసేవారు. ఇల్లాండ్రు, కార్ఖానా కూలీల భార్యలు, పనిమనుషులు, ఒంటరివారు ఒకరినొకరు చూడకుండానే ఒక కుటుంబం వలె అయినారు. నాన్సీ బ్రౌన్ కూడా మారుపేరే. ఆమె అసలు పేరు ఆనీ లూయీస్ లెస్లీ. భర్త చనిపోయిన తరువాత బతుకుతెరువు కొరకు పత్రికలో చేరిన మధ్యవయస్కురాలు ఆమె. 1934లో ఆమె తన పాఠకులను బెల్ ఐల్‌లో సూర్యోదయ ప్రార్థనకు పిలిచినది. వేలాది మంది చీకటితోనే వచ్చినారు. ఆ ప్రార్థనలు ఏటేటా సాగినవి. అక్కడ శాంతి కొరకు ఒక గంటల గోపురం కట్టవలెనని తలచి పాఠకులు చందాలు పంపినారు. అవి ఆర్థిక మాంద్యపు రోజులు. పనులు లేక జనం రొట్టె కొరకు బారులు తీరిన కాలం. అయినా ఐదు సెంట్లు, పది సెంట్లు చొప్పున డబ్బు చేరినది. 85 అడుగుల రాతి గోపురం లేచినది. 1940 జూన్ నెలలో దానిని ప్రారంభించినారు.

ఆ జూన్ నెలలోనే యూరపులో పారిస్ నగరం జర్మనుల వశమైనది. శాంతి గోపురం నిలిచిన రోజులలో లోకంలో శాంతి లేదు. ఆ దీవిలో కూడా శాంతి ఎక్కువ కాలం నిలవలేదు. సరిగ్గా మూడేళ్ళకు, 1943 జూన్ 20న, ఎండ మండిపోతున్న ఒక ఆదివారం, బెల్ ఐల్‌లో నల్లజాతి యువకులకు, తెల్లవారికి కొట్లాటలు మొదలైనవి. సాయంకాలానికి అవి వంతెన మీదికి పాకినవి. యుద్ధపు కార్ఖానాలలో పని కొరకు దక్షిణ రాష్ట్రాల నుండి నల్లవారు, తెల్లవారు లక్షలుగా ఆ నగరానికి వచ్చినారు. ఇళ్ళు చాలలేదు. నల్లవారిని ఇరుకు పేటలలో ఉంచినారు. లోపల ఉన్న సెగ ఆనాడు మంటైనది. ఒక తల్లిని, బిడ్డను వంతెన మీదనుండి నదిలోనికి విసిరినారని ఒక పుకారు నల్లవారి పేటలలో పుట్టినది. తెల్లవారి పేటలలో మరొక పుకారు పుట్టినది. రెండూ అబద్ధాలే. 34 మంది చనిపోయినారు. వారిలో 25 మంది నల్లవారు. ఆ 25 మందిలో 17 మంది పోలీసుల చేతిలో చనిపోయినారు. కేంద్ర సైన్యం వచ్చిన తరువాత గాని నగరం చల్లారలేదు.

ఈ చేదు భాగాన్ని విడిచి గోపురం కథ మాత్రమే చెప్పవచ్చును. కాని అది చరిత్ర కాదు. నాణేలు పంపినవారు మంచివారే. అయినా రాతి గోపురం తనంతట తాను ఎవరినీ కలపదు. పక్కవాడు ఎక్కడ ఉంటున్నాడు, వాడికి ఎంత కూలి ఇస్తున్నారు అనే ప్రశ్నలు గోపురం కట్టిన తరువాత కూడా మిగిలే ఉంటాయి. మనం కూడా మందిరాలు కట్టినాము. మందిరం బయట మన పొరుగువారితో ఎట్లు మెలుగుతున్నామో మనల్ని మనం అడుగుకొనవలెను.

తరువాత డెట్రాయిట్‌కు చెడ్డ రోజులు వచ్చినవి. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2010 నాటికి 7 లక్షల 14 వేలకు పడిపోయినది. దీవిని చూచుటకు నగరం దగ్గర డబ్బు లేదు. 2005లో చేపల ప్రదర్శనశాలను మూసివేసినారు. నగరవాసులు కొందరు దానిని విడిచిపెట్టలేదు. చందాలు పోగుచేసి, స్వయంగా పనిచేసి, 2012లో మళ్ళీ తెరిపించినారు. 2013 జూలైలో నగరం దివాలా ప్రకటించినది. మన ఉమ్మడి సొత్తు చేయి జారిపోవునేమో అని చాలమంది భయపడినారు. చివరకు నగరం దీవిని అమ్మలేదు. 30 ఏళ్ళ కౌలుకు రాష్ట్రానికి అప్పగించినది. 2014 నుండి అది మిషిగన్ రాష్ట్ర పార్కుగా నడుస్తున్నది. కారులో వెళ్ళేవారు రుసుము కట్టవలెను. నడిచి వెళ్ళేవారికి, సైకిలు మీద వెళ్ళేవారికి రుసుము లేదు. 2021లో గంటల గోపురం ముందు పీట్ ఔడాల్ఫ్ అనే డచ్చి తోటల నిపుణుడు రూపొందించిన పూలతోటను తెరిచినారు. దానిలో కూడా మొక్కలు నాటినవారు చాలమంది స్వచ్ఛందంగా వచ్చిన నగరవాసులే.

నడిచి వెళ్ళేవారికి రుసుము లేదు అనే మాట మనకు తగలవలెను. ఎందుకంటే మన పూర్వీకులకు నడకే నేరంగా ఉండేది. 1867 చట్టం ప్రకారం కంత్రాటు ముగిసిన పాత కూలీ కూడా తన ఫొటో అంటించిన చీటీ లేకుండా దారిన పోరాదు. చీటీ మరచిపోయినవాడిని పోలీసులు పట్టుకొనేవారు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దానిని డబుల్ కట్ అన్నారు. చెల్లెలిని చూచుటకు పక్క ఎస్టేటుకు నడిచిపోవుటకు కూడా అనుమతి కావలెను. ఈనాడు నోవై నుండి వెళ్ళి ఆ నదీ తీరాన ఎవరిని అడగకుండా నడిచే తెలుగువాడు, పోర్ట్ లూయీ తీరాన నడిచే మనం, ఈ సంగతి ఒక్కసారి తలచుకోవలెను.

ఆ చట్టం తనంతట తాను పోలేదు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఆయన సహాయంతో పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకొన్నారు. దానిపై 9,401 మంది పేర్లు ఉన్నవి. 1872లో విచారణకు రాయల్ కమిషన్ వచ్చినది. ఆ నివేదిక ఆధారంగా 1878లో చట్టం మారినది. బాధలన్నీ తీరలేదు, కాని పెద్దల మనసు కరుగుటకు ఆ పేర్లు పనికివచ్చినవి. పది సెంట్ల నాణెం వంటిదే ఒక వేలిముద్ర. ఒక్కటైతే ఎవరికీ కనిపించదు. తొమ్మిది వేలు చేరితే రాజు కూడా చూడవలసివస్తుంది.

మన సమాజంలో కూడా అన్నీ ఇట్లే జరిగినవి. మన మందిరాలు, సాయంకాలపు తెలుగు తరగతుల గదులు ఏ దొర దానమూ కావు. వారపు కూలిలో కొన్ని సెంట్లు విడిగా ఉంచి, బియ్యపు డబ్బాలో దాచి, సింహాద్రి అప్పన్న పూజనాడు పళ్ళెంలో వేసిన అమ్మమ్మలు, నాయనమ్మలు కట్టినవి. నేను అ ఆలు నేర్చుకొన్నది అటువంటి రేకుల కప్పు గదిలోనే. అక్కడ నాకు తెలుగు చెప్పిన గురువుగారు పగలు చెరకు పొలంలో పనిచేసేవారు. ఆ గది కట్టినవారి పేర్లు గోడ మీద లేవు. ఇప్పుడు మన గ్రామాలలో పిల్లలు తగ్గుతున్నారు. చదువుకొన్నవారు ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు, కెనడాకు, అమెరికాకు పోతున్నారు. అటువంటి గదులు మూతపడుతున్నవి. పాత మిల్లు చిమ్నీలు మాత్రం పొలాలలో నిలిచే ఉన్నవి. చూడవచ్చినవారు వాటికి ఫొటోలు తీసుకొంటారు. మన గదికి ఫొటో తీసేవారు లేరు. ఇట్లే సాగితే, యాభై ఏళ్ళ తరువాత మన చరిత్రకు యజమాని చిమ్నీ ఒక్కటే సాక్ష్యంగా మిగులుతుంది.

నోవైలో ఒక పెద్దమనిషి నన్ను, అయ్యా, మీది ఏ జిల్లా అని అడిగినారు. ఆంధ్ర నుండి వచ్చినవారు తెలుగు విన్న వెంటనే అడిగే మొదటి ప్రశ్న అదే. వారికి దానికి జవాబు ఉన్నది. మనలో చాలమందికి లేదు. కాని వెతికితే దొరికే చోటు మన దేశంలోనే ఉన్నది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నవి. అందులో కూలీ నంబరు, తండ్రి పేరు, ఓడ పేరు, జిల్లా, గ్రామం వ్రాసి ఉంటాయి. 1860ల తరువాతి వారిలో కొందరి ఫొటోలు కూడా ఉన్నవి. నిర్బంధించుటకు తీసిన ఫొటో ఈనాడు మనకు ముత్తాత ముఖం చూపించే ఒకే ఒక్క ఆధారం.

కనుక పాఠకులకు నా మనవి ఇది. మీ గ్రామంలో మూతపడిన తెలుగు తరగతి గది ఉంటే, దాని చందాల పుస్తకం ఎవరి ఇంట ఉన్నదో అడగండి. చెద పట్టకముందే అందులోని పేర్లను ఎత్తి వ్రాయండి. పుస్తకం లేకపోతే, ఎనభై ఏళ్ళు దాటిన పెద్దల దగ్గర కూర్చుండి, ఎవరు రాయి మోసినారు, ఎవరు రేకులు ఇచ్చినారు, ఎవరు మొదటి పాఠం చెప్పినారు అని అడిగి వ్రాసుకోండి. మీ ముత్తాత నంబరు తెలిస్తే మోకాకు వెళ్ళి గ్రామం పేరు తెలుసుకోండి. విదేశాలలో ఉన్న పిల్లలకు ఆ కాగితపు నకలు పంపండి. పెద్ద గోపురం కట్టమని నేను అనుట లేదు. ఇప్పటికే కట్టిన దానికి కట్టినవారి పేర్లు చేర్చమంటున్నాను. వ్రాసినవి ఈ పత్రికకు పంపితే, సంచికకు కొన్ని చొప్పున అచ్చు వేయవచ్చును. ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు పంపినా చాలును.